నడిమనిషి మాట

బుర్రకథలో ముగ్గురికీ మూడు హద్దులుంటాయి. నడిమనిషి తంబుర మీటుతూ కథ చెప్పాలి. ఎడమవైపు వంత నవ్వించాలి. కుడివైపు వంత లోకం సంగతులు మాట్లాడాలి. ఓట్లు, ధరలు, సర్కారు, అన్నీ అతని పాలు. ఎవరి హద్దులో వాళ్ళుంటే కథ సాఫీగా నడుస్తుంది. ఆ రోజు నందిగామ సంతలో, ఎండ ఇంకా తగ్గకముందే, కృపావతి హద్దు దాటింది.

తప్పంతా ఆమెదే అనడానికీ లేదు. కుడివంత ప్రేమదాసు గొంతు రెండు రోజులుగా పూడుకుపోయి ఉంది. ప్రేమదాసు ఆమె భర్తే. మిరియాల కషాయం చెంబుడు తాగించినా ఆ గొంతు తెరుచుకోలేదు. ఎర్రగుట్ట నాగమ్మ కథ మంచి పట్టులో ఉండగా, నాగమ్మ పసిబిడ్డను ఉయ్యాల్లో వేసి కత్తి అందుకునే చోట కృపావతి ఆగింది. అక్కడ ప్రేమదాసు అందుకుని కుటుంబ నియంత్రణ మాటలు చెప్పాలి. ఊళ్ళూళ్ళూ తిరిగి ఆ మాట చెప్పినందుకే సర్కారు వాళ్ళకు ఆ యేడు కథలు ఇప్పిస్తోంది.

"ఇద్దరో ముగ్గురో చాలయ్యా, సంసారం చల్లగా ఉంటది," అన్నాడు ప్రేమదాసు బొంగురుగా.

"నీకెందరయ్యా?" అన్నాడు ఎవడో వెనకనుంచి.

"నలుగురు," అన్నాడు ప్రేమదాసు. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు.

సంత సంతంతా నవ్వింది. ఎడమవంత జ్ఞానయ్య డక్కీ మీద ఒక దెబ్బ వేసి, "అందుకేగా అనుభవం మీద చెబుతున్నాడు," అని సర్దబోయాడు గాని, నవ్వు అటే పోయింది. జనం కదులుతున్నారు. బ్లాకు ఆఫీసులో ఆరోగ్య ప్రచారం చూసే జగన్నాథరావు గారు బల్ల ముందు పుస్తకం తెరిచి కూర్చున్నాడు. మర్నాడే ఆపరేషన్ల శిబిరం. పుస్తకంలో ఒక్క పేరు లేదు. ఆయన కదిలిపోతున్న బస్సు వంక చూసినట్టు కృపావతి వంక చూశాడు.

పదిహేడో యేట తంబుర పట్టినప్పటినుంచీ చప్పట్లు లేకుండా కథ ముగించింది లేదు ఆమె. ఉన్నమాట చెప్పుకోవాలంటే ఆ క్షణంలో ఆమెకు దేశమూ గుర్తులేదు, జనాభా గుర్తులేదు. జనం తన వంక చూడటం మానేశారన్నది ఒక్కటే గుర్తుంది. ఎర్ర దట్టీ బిగించుకుని రెండడుగులు ముందుకొచ్చింది. చేతి బొటనవేలికి తొడిగిన అందె గలగలమంది.

ముందు వరసలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజం మీద ఒక పిల్ల, చెరో చేతికి ఒకరు. ముగ్గురి బుగ్గల్లోనూ జీళ్ళు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి.

"నీ పేరేంది తమ్ముడూ?"

"శాంతయ్యక్కా. చందర్లపాడు."

"ముగ్గురు పిల్లల్ని మోసుకుని నిలబడ్డావు. భుజం నొప్పిగా లేదా?"

అతను తల వంచుకున్నాడు. కృపావతి నాగమ్మ గొంతుతోనే, ఆ రాగంలోనే అందుకుంది. కత్తి పట్టిన చేతికి ఉయ్యాల బరువు తెలుసని, ఉన్న బిడ్డల నోట్లో ముద్ద పెట్టగలిగిన వాడే మగవాడని, ఆ మగతనం ఎవడికుందో ఈ సంతలో తేలాలని పాడింది. అప్పటికప్పుడు కట్టిన పాట. కదిలిన జనం ఆగారు. శాంతయ్య పిల్లల్ని ఈడ్చుకుంటూ వెళ్ళి జగన్నాథరావు గారి బల్ల ముందు నిలబడి వేలిముద్ర వేశాడు. అతని వెనక ఇంకా ఆరుగురు కదిలారు. చప్పట్లు సంత చివర గిత్తల దాకా వినపడ్డాయి.

జ్ఞానయ్య మాత్రం డక్కీ వాయించలేదు. ఆమెకు విద్య నేర్పింది అతనే. గొంతు పోయాక ఎడమవైపుకు మారాడు. సామాను సర్దేటప్పుడు డక్కీకి గుడ్డ చుడుతూ అన్నాడు: "నడిమనిషి నోట ఏది వచ్చినా జనానికి కథలో మాటే. దాసు చెబితే ఇంటికెళ్ళే లోపల మర్చిపోతారు. నువ్వు చెబితే నాగమ్మ చెప్పినట్టు."

"మంచి మాటేగా చెప్పా, బాబాయ్."

"చెడ్డమాటని నేనన్నానా? ఎవరు చెప్పాల్సింది వాళ్ళు చెప్పాలంటున్నా."

కృపావతి నవ్వేసింది. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

*

ఇరవై మూడు రోజులు గడిచాయి. జగ్గయ్యపేటలో వాళ్ళ ఇంటి ముందు కృపావతి అంగరఖాకు ఊడిన జరీ అంచు కుట్టుకుంటోంది. శుక్రవారం ముక్త్యాలలో కథ. జ్ఞానయ్య డక్కీకి కొత్త తోలు వేయించడానికి నందిగామ వెళ్ళి, బస్సు దిగి తన ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే వచ్చాడు. చెంబుడు నీళ్ళు తాగి చెప్పాడు.

"ఆ చందర్లపాడు శాంతయ్య లేడూ. అతని పిల్లకి టైఫాయిడంట. నందిగామ ఆసుపత్రిలో పెట్టారు. పన్నెండో రోజు. పిల్ల మూసిన కన్ను తెరవట్లేదంటున్నారు."

"అయ్యో. ఏ పిల్లకి బాబాయ్? పెద్దదానికా?"

"పెద్దదీ చిన్నదీ ఏముంది? ఉన్నది ఆ ఒక్కతే. బేబీ అంట పేరు. నాలుగేళ్ళు."

"ముగ్గురుగా?"

"తక్కిన ఇద్దరూ వాళ్ళక్క పిల్లలంటమ్మా. నందిగామలో ఉంటది వాళ్ళక్క. ఆ రోజు సంతకొచ్చి వెంట తిప్పుకున్నాడు."

సూది ఎక్కడ దిగిందో కృపావతికి తెలియలేదు. జరీ మీద చిన్న ఎర్ర చుక్క కనిపించాక వేలు నోట్లో పెట్టుకుంది. ఒక్క బిడ్డ. ఆ ఒక్క బిడ్డ పోతే శాంతయ్యకు ఇక బిడ్డ లేదు, పుట్టదు. సంతలో వేలెత్తి చూపించింది ఎవరు? ముగ్గురని లెక్కగట్టింది ఎవరు? మగతనం తేలాలని పాడింది ఎవరు?

"రేపు నేను నందిగామ పోతన్నా," అంది.

"పోయి ఏం చేస్తావు?" అన్నాడు ప్రేమదాసు. అతను గడప మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. "మనల్ని చూస్తే వాళ్ళకి ఇంకా మంట. పిల్లకి నయమైతే సరే. కాకపోతే వాళ్ళింటి ఆడోళ్ళు నీ పేరు చెప్పి పల్లె పల్లెకీ తిరిగి ఏడుస్తారు. ఆ తర్వాత మన కథ ఎవరూ పెట్టించరు."

"కథ పెట్టించకపోతే పోనీ."

"నేనన్నది అది కాదే. మనం ఎలక్షన్లలో పాడలా? ఓట్లెయ్యమని చెప్పలా? వాళ్ళు వేసిన ఓట్లన్నిటికీ మనమే పూచీనా?"

"ఓటు అయిదేళ్ళకి మళ్ళీ చేతికొస్తదయ్యా. ఇది రాదు."

ప్రేమదాసు కత్తి కడిగాడు. సగం గడ్డం అలాగే ఉండిపోయింది.

*

బుధవారం పొద్దున్నే ఆమె నేత చీర కట్టుకుని, తలకు కొంగు వేసుకుని నందిగామ బస్సెక్కింది. ముందు బ్లాకు ఆఫీసుకు వెళ్ళింది. జగన్నాథరావు గారు చెడ్డవాడు కాడు. పైనుంచి వచ్చే చీటీల కింద నలుగుతున్న మనిషి. ఆమెను చూడగానే కుర్చీ చూపించాడు.

"కాగితం చూడాలండి. శాంతయ్యది."

ఆయన బీరువాలోంచి కట్ట తీసి వెతికాడు. పిల్లలు అని ఉన్నచోట మూడు అని ఉంది. పేర్లు లేవు.

"కళ్ళతో చూశాగదమ్మా ముగ్గుర్నీ. మీరూ చూశారు. మీరే అడిగారు కూడా."

"అడిగానండి." ఆమె కాగితం వంకే చూస్తూ అడిగింది. "దాన్ని మళ్ళీ కలిపే ఆపరేషను ఏమన్నా ఉందాండీ?"

"మద్రాసులో ఎవరో చేస్తారని విన్నా. అయితే అయింది, లేకపోతే లేదు." ఆయన కాగితాన్ని తిరిగి కట్టలో దూర్చి, ఆమె వంక చూసి కాస్త మెత్తబడ్డాడు. "టైఫాయిడ్ ఇప్పుడు చంపే జబ్బు కాదమ్మా. మంచి బిళ్ళలొచ్చాయి. మీరు శుక్రవారం ముక్త్యాల సంగతి చూడండి. మీరు పాడితేనే జనం వస్తారు."

తాను పాడితేనే. ఆ మాటకు ఎప్పుడూ పొంగిపోయే మనిషి ఆ పూట కొంగు సర్దుకుని లేచి వచ్చేసింది.

ఆసుపత్రి వరండా చివర మెట్టు మీద ఒక ముసలామె చేటలో నూకలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పక్కన మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద నల్లటి గిన్నె. కిటికీలోంచి లోపల మంచం కనపడుతోంది. మంచం మీద పిల్ల ఎంత ఉందో కూడా తెలియడం లేదు. నుదుటి మీద తడిగుడ్డ, జుట్టు కత్తిరించిన తల. పక్కన నేలమీద తల్లి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది. పేరు దేవమణి అని తర్వాత తెలిసింది.

చెప్పేద్దామనే వచ్చింది కృపావతి. నేనే ఆ మనిషినని చెప్పి కాళ్ళ మీద పడదామని బస్సులో నాలుగుసార్లు అనుకుంది. వేలమంది ముందు నోరు తడబడని మనిషికి ఆ ఒక్క ముసలామె ముందు నోరు పెగల్లేదు. మెట్టు మీద కూర్చుంది.

"మీ వాళ్ళెవరన్నా ఉన్నారా లోపల?" అంది ముసలామె.

"ఉన్నారు పెద్దమ్మా," అని కృపావతి చేటలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసింది.

తలపాగా, అంగరఖా, గజ్జెలు లేకపోతే కృపావతిని ఎవరూ పోల్చరు. ముసలామె పేరు బసవమ్మ. శాంతయ్య తల్లి. నూకలు ఏరుతూ చెప్పుకుపోయింది. ఒక్కడే కొడుకు. కోడలికి రెండు కాన్పులు పోయాయి. మిగిలింది ఈ పిల్ల. ఇంకో నలుసు పుడతాడని చూస్తుంటే కొడుకు సంతకు పోయి కోయించుకొచ్చాడు.

"ఎవత్తో బుర్రకథ చెప్పేదంట. దాని పాటకి మా వాడికి మతిపోయిందంట. దాని నోట్లో మన్నుబడ. వాడట్టా చెబుతున్నాడు గానీ, నాకైతే కోడలి మీదే అనుమానం. కాన్పు కష్టమని భయపడి మొగుడికి నూరిపోసి ఉంటది. కూటికి పిలిచినా నోరెత్తదు చూడు. తప్పు చేసిన దానికే అట్టా నోరు పడిపోద్ది."

లోపల దేవమణి తల ఎత్తలేదు. అంతా వినపడుతూనే ఉంది. బసవమ్మ ఉన్నట్టుండి కృపావతి చెయ్యి పట్టుకుని చూసింది.

"బొటనేలికి ఆ కాయేందమ్మా?"

అందె తొడిగి తొడిగి పడిన కాయ అది. చింతగింజంత ఉంటుంది.

"పని చేసి పడిందిలే పెద్దమ్మా," అని చెయ్యి లాగేసుకుంది కృపావతి. బావిదాకా వెళ్ళి రెండు బిందెలు నీళ్ళు తెచ్చి పోసింది. మధ్యాహ్నం బస్సుకు పారిపోయినట్టే వెళ్ళిపోయింది.

*

గురువారం మళ్ళీ వచ్చింది. నాలుగు బత్తాయిలు, బార్లీ గింజల పొట్లం తెచ్చింది. ముందు రాత్రి పిల్లకు నూటనాలుగు వచ్చిందని, సన్నిపాతం మాటలు మాట్లాడిందని బసవమ్మ చెప్పింది. చెబుతూ చెబుతూ పొయ్యి ఊదటం ఆపి లోపలికి చూసి అరిచింది.

"ఈ పిల్ల కూడా పోతే నువ్వు నా గడప తొక్కబాక. నీ పుట్టింటి దారి నువ్వు పట్టు. ఇంకోదాన్ని తెచ్చి వాడికి కట్టబెడదామన్నా లాభం లేకుండా చేశావు గదే."

దేవమణి ముందు పెట్టిన గంజి అలాగే ఉంది. మీద పొర కట్టింది. ఎన్ని పూటల్నుంచి అలా ఉందని కృపావతి నర్సును అడిగింది. మూడు రోజుల్నుంచీ ఆ అమ్మాయి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదంది నర్సు.

ఒక పాట. అప్పటికప్పుడు కట్టిన పాట. దానికి ఒక మనిషి వంశం పోయేట్టుంది, ఒక ఆడది ఇల్లు వదిలి పోయేట్టుంది. ఇప్పుడు తాను నోరు విప్పి కాగితంలో తప్పు పడిందని చెబితే శాంతయ్య మీదికి వస్తుంది, విప్పకపోతే దేవమణి మీద పడుతుంది. ఏది చేస్తే ఎవరికి ఏమవుతుందో తోచలేదు.

శాంతయ్య బిళ్ళల కోసం వెళ్ళి అప్పుడే వస్తున్నాడు. పొద్దున మిరప కోతకు కూడా పోయినట్టున్నాడు. చేతులు ఎర్రగా మండి ఉన్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి మణికట్టు వాడుతున్నాడు. మెట్టు దగ్గర ఆమెను చూసి ఆగిపోయాడు. అతను మాత్రం పోల్చాడు. బిళ్ళలు నర్సుకిచ్చి వచ్చి, తల్లి చూడకుండా సైగ చేసి, బావి అవతల గోడ పక్కకు నడిచాడు. కృపావతి వెనకే వెళ్ళింది.

"నన్ను క్షమించు తమ్ముడూ," అంది ముందుగానే. "ముగ్గురూ నీ పిల్లలే అనుకున్నా. అడగాల్సింది. అడక్కుండా పాడేశా. మద్రాసులో ఎవరో ఉన్నారంట. ఉన్నది అమ్ముకునైనా నేను..."

"అక్కా, ఆగు."

శాంతయ్య గోడకు ఆనుకున్నాడు. కాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"పోయినేడు రెండో కాన్పు పోయినప్పుడు ఈ ఆసుపత్రి డాక్టరమ్మే చెప్పింది. ఇంకోసారి కడుపైతే తల్లి దక్కదని. మా అమ్మకి చెప్పా. చస్తే ఇంకోదాన్ని తెస్తా, చావకపోతే మగపిల్లాడు పుడతాడు, రెండూ మేలేనంది. ఆమె మాట అంతే. ఇక నేనే ఆపరేషనుకి పోదామని వచ్చా. ఒక్క బిడ్డకైతే చెయ్యమన్నారు. ముగ్గురుండాలన్నారు."

"ముగ్గురా?" అంది కృపావతి.

"దేవమణిని సంత చివర సరుకుల దగ్గర వదిలి, మా అక్క పిల్లలిద్దర్నీ తీసుకొచ్చా. కదలకుండా నిలబడితే జీళ్ళు కొనిపెడతానన్నా. ముందు వరసలో నీ కంట పడేట్టు నిలబడ్డా. నీ కంట పడకపోతే ఆ బల్ల దగ్గరాయన కంటన్నా పడతా గదా అనుకున్నా. నువ్వే పిలిచావు. నా పని తేలికైంది."

"అంటే నన్ను వాడుకున్నావా?"

"వాడుకున్నానక్కా."

చెప్పడానికి సిగ్గుపడలేదు అతను. కృపావతికి ముందు ఊపిరి అందింది. మూడు రోజులుగా గుండెల మీద కూర్చున్న బండ దిగినట్టయింది. ఆ వెంటనే, ఆమె ఎంత వద్దనుకున్నా, చిన్నతనంగా అనిపించింది.

"నా పాట విని కాదన్నమాట."

"అబద్ధమెందుకు, సరిగ్గా విన్లేదక్కా. ఆ పిల్లలు పారిపోకుండా పట్టుకోవడమే సరిపోయింది."

ఇంకో రోజైతే కృపావతి నవ్వి ఉండేది. బావి గిలక కిర్రుమంటోంది. ఎవరో నీళ్ళు తోడుకుంటున్నారు.

"పెళ్ళాం కోసం కోయించుకున్నానని తెలిస్తే మా అమ్మ దాన్ని బతకనివ్వదు," అన్నాడు శాంతయ్య. "అందుకని నీ పేరు చెప్పా. బుర్రకథామె పాటకి మతిపోయిందని. మా అమ్మ నమ్మీ నమ్మకుండా ఉంది. పిల్లకి జొరం వచ్చాక అసలు నమ్మట్లేదు. నువ్వొచ్చి కూర్చున్నావు గనక అడుగుతున్నా. నువ్వే చేయించావని ఒక్కమాట ఆమెతో చెప్పు. నీ నోటితో చెబితే నమ్ముద్ది. తిడితే తిట్టించుకో. నువ్వు పెద్దదానివి, నీకు ఊళ్ళున్నాయి. దానికి ఆ గడప ఒక్కటే ఉంది."

"పిల్ల..." అంది కృపావతి.

"పిల్ల సంగతి దేవుడి చేతిలో ఉంది. దేవమణి సంగతి మన చేతిలో ఉంది."

*

ఆ సాయంత్రం ఇంట్లో సంగతంతా విని ప్రేమదాసు గడప మీద కూర్చున్నాడు. జ్ఞానయ్య కొత్త తోలు ఎండబెట్టిన డక్కీని గడ్డిమంట మీద కాచి, వేలితో కొట్టి చూస్తున్నాడు.

"అసలది నేను చెప్పాల్సిన మాట," అన్నాడు ప్రేమదాసు. "గొంతు బాగుంటే నేనే చెప్పేవాణ్ణి. తిట్లు నేనే తింటా. రేపు నేను పోతా."

"కుడివంత మాటకి తిట్లు కూడా పడవయ్యా," అంది కృపావతి. "నువ్వు చెబితే ఆమె నమ్మదు."

"పిల్లకేమన్నా అయితే, కృపా, ఆమె నిన్ను జన్మంతా వదలదు. చందర్లపాడు నుంచి ముక్త్యాల దాకా ఆమెకి చుట్టాలే."

"తెలుసు."

జ్ఞానయ్య డక్కీ మీద ఒక్క దెబ్బ వేశాడు. ఇంకా శ్రుతి కుదరలేదు. మళ్ళీ మంట దగ్గరికి జరిగాడు.

"నాడు నడిమనిషి అనగూడని మాట అన్నావు," అన్నాడు. "ఇప్పుడేమో అన్నందుకు నిలబడాలంటున్నావు. నేనేం చెప్పనమ్మా. నేర్పినప్పుడు ఇది నేర్పలా."

*

శుక్రవారం తొలి బస్సుకు వెళ్ళింది. మధ్యాహ్నానికి తిరిగి వచ్చి ముక్త్యాల పోవాలి. దారి పొడుగునా మిరపచేలు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. బస్సులో ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. ఏమని చెప్పాలో పదిరకాలుగా అనుకుంది. ఏదీ నిలవలేదు. ఒకవేళ ఈ పొద్దుకే పిల్ల పోయి ఉంటే? ఆసుపత్రి గేటు దగ్గర ఏడుపు వినపడుతుందేమోనని చెవులు రిక్కించింది. ఏమీ వినపడలేదు. లోపలికి నడిచింది.

బసవమ్మ మెట్టు మీదే ఉంది. ఒళ్ళో చేట, చేటలో నూకలు. కృపావతిని చూసి కాస్త జరిగి చోటిచ్చింది.

"రా అమ్మా. రాత్రి కూడా నూటనాలుగే. కళ్ళు తేలేసింది ఒకసారి. నేను దేవుడికి చెప్పుకోని మాట లేదు."

కృపావతి కూర్చోలేదు. చెయ్యి చాపి బొటనవేలు చూపించింది.

"పెద్దమ్మా, ఈ కాయ ఏందని అడిగావుగా. అందె తొడిగితే పడిన కాయ. బుర్రకథ చెప్పేది నేనే. కృపావతిని."

బసవమ్మకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. రెండు రోజులుగా పక్కన కూర్చుని రాళ్ళు ఏరిన చెయ్యి వంకా, ఆమె మొహం వంకా మార్చి మార్చి చూసింది.

"నీ కొడుకు రానన్నాడు. నేనే సంతలో నలుగురిలో పిలిచి, మగతనం లేదని ఎగతాళి చేసి, వేలిముద్ర వేయించా. అతని తప్పేం లేదు," అంది కృపావతి. అప్పటిదాకా అనుకున్నది అంతే. కాని కిటికీలోంచి దేవమణి తలెత్తి తన వంకే చూస్తోంది. ముందు గంజి గిన్నె, దాని మీద మళ్ళీ పొర. ఆ తర్వాతి మాట సంతలో పాటలాగే అప్పటికప్పుడు పుట్టింది. "నీ కోడలు సంత చివర్న సరుకులు కొనుక్కుంటూ సంగతి తెలిసి పరిగెత్తుకొచ్చింది. ఒక్కతే బిడ్డ, వద్దక్కా అని నా కాళ్ళు పట్టుకుంది. నేను వినలా. విదిలించి అవతలికి నెట్టా."

ఇంతకంటే బాగా ఆమె ఏ కథా చెప్పి ఉండదు.

బసవమ్మ లేచింది. ఒళ్ళో చేట ఎగిరి పడింది. నూకలు మెట్ల నిండా, మట్టిలో, కృపావతి పాదాల మీద చెదిరిపోయాయి.

"నలుగుర్ని కన్నావంటగా నువ్వు. నలుగుర్ని ఇంట్లో పెట్టుకుని నా ఇంట్లో దీపం ఊదావా? నా దగ్గర కూర్చుని నీళ్ళు మోశావే, నా చేట్లో చెయ్యి పెట్టావే! నీ గొంతు పడిపోను. నీ తంబుర పగిలిపోను. నువ్వు కథ చెప్పే ఊరల్లా నేనొస్తా. వచ్చి నీ సంగతి చెబుతా."

రోగుల బంధువులు గుమిగూడారు. కృపావతిని కొందరు ఇప్పుడు పోల్చారు. ఆమె పేరు ఒక నోటినుంచి ఇంకో నోటికి పోతోంది. ఏనాడూ జనం ముందు తల దించని మనిషి తల దించుకుని నిలబడింది. జవాబు ఆమెకు తెలుసు, శాంతయ్య బావి అవతల చెప్పిందే. చెబితే బసవమ్మ నోరు అక్కడే మూతపడుతుంది. శాంతయ్య బావి దగ్గర బిందె పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. అతనూ కదల్లేదు.

తిట్టి తిట్టి బసవమ్మకు రొప్పు వచ్చింది. నర్సు బయటికి వచ్చి కేకలేసి అందర్నీ చెదరగొట్టింది. "నూట రెండు ఉంది ఇప్పుడు. రాత్రికంటే నయమే. ఇంకా వారం గండం ఉంది, గోల చెయ్యకండి," అని లోపలికి పోయింది. బసవమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, గోడ పట్టుకుని తానూ లోపలికి వెళ్ళింది. మనవరాలి నుదుటి మీద గుడ్డ తిప్పి వేసింది. తర్వాత నేలమీద కోడలి ఎదురుగా కూర్చుంది.

"కాళ్ళు పట్టుకున్నావంటగా?"

దేవమణి కిటికీలోంచి మెట్ల వంక చూసింది. అత్త వంక చూసింది. మెల్లిగా తలూపింది.

"మరి ఆ ముక్క నాకు చెప్పొద్దా? ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకుని కూర్చున్నావా?" బసవమ్మ గంజి మీద పొర వేలితో తీసి పారేసింది. గిన్నె ఎత్తి కోడలి నోటి దగ్గర పెట్టింది. "తాగు. ఆ మాయలాడి ముందు నువ్వు మాత్రం ఏం చేస్తావు? తాగవే. నువ్వు కూడా పడిపోతే పిల్లని ఎవరు చూస్తారు?"

దేవమణి రెండు చేతులతో గిన్నె పట్టుకుని తాగడం మొదలుపెట్టింది. మధ్యలో ఏడుపొచ్చి ఆగింది. మళ్ళీ తాగింది.

బయట మెట్టు మీద కృపావతి కూర్చుని చెదిరిన నూకలు చేటలోకి ఏరుతోంది. జగ్గయ్యపేట బస్సు హారను వినపడినా లేవలేదు. మట్టి కూడా కలిసింది గనక ఈసారి ఏరడానికి చాలాసేపు పట్టింది.